మూత తీయని అరగంట

అక్‌బైతాల్ కనుమకి ఇంకా ఏడు మలుపులున్నాయనగా
సూది కదిలింది.

బురుల్చా ఎజె రోడ్డుకంటే సూదినే ఎక్కువ చూస్తుంది.
తొంభై దగ్గర అది నిలబడ్డంతసేపూ కూనిరాగం.
తొంభై అయిదుకి రాగం ఆగింది.
నూరు దాటగానే, జూలై ఎండలో,
హీటర్ చివరిదాకా తిప్పింది.
"దాని వేడి మనమూ కాస్త పంచుకోవాలి."
వెనక సీట్లో తొక్తోసున్ మాస్టారు కోటు విప్పారు,
ఖోరోగ్ నుంచి ఎండు జల్దరు పళ్ళు మోసుకొస్తున్న గుల్‌బెగిమ్
తలగుడ్డ లాగి విసురుకుంది.
నా ఒళ్ళో గొర్రెపిల్ల మాత్రం
అందరి తరఫునా అరిచింది.

నూట అయిదు.
జీపు పక్కకి, ముక్కు గాలికి ఎదురుగా.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బానెట్ ఎత్తగానే
రేడియేటర్ మూత మీదికి చెయ్యి దానంతటదే పోయింది.
ఫెడేల్మని ఒక్కటిచ్చింది ఎజె.
అప్పుడు చూశాను, ఆమె మణికట్టు మీద
ముడుతలు పడ్డ మీగడలాంటి మచ్చ.
ఎప్పటిదని నేనడగలేదు.
చేతులు కాలాక పట్టుకుందామన్నా
ఈ పీఠభూమి మీద ఆకులేవీ?

అరగంట ఆగాలంది.
గడియారం లేని చోట అరగంట ఎంత పొడుగో
ఆ రోజు తెలిసింది.

పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి మాస్టారు,
రాయి మీద కూర్చుని మొదలుపెట్టారు:
ఇక్కడ గాలి పలచన, నీటికి ఓపిక తక్కువ,
కింద నూరు డిగ్రీలకి మరిగేది
ఈ ఎత్తున ఎనభై అయిదుకే పొంగుతుంది.
గుల్‌బెగిమ్ తలూపింది. ఇక్కడ టీ ఎందుకు దిగదో ఆమెకి తెలుసు.
ఆ మూత ఉందే, ఒత్తిడిని లోపలే పట్టి
మరగబోయే నీటితో ఆగు, ఇంకాస్త ఆగు అంటుంది.
వేడి మీద తిప్పావో
ఇన్నాళ్ళూ ఆగమన్నదంతా
ఒక్కసారే నీ మొహానికొస్తుంది.

"ఈ మాత్రానికి పుస్తకం కావాలా" అంది ఎజె.
కోపం ఆయన మీద కాదు.
నిన్న బండి నడిపిన మరిది కుబాన్
కారే గొట్టాన్ని చూసీ చూడనట్టు
ఏటి నీళ్ళు నింపి తాళాలు చేతిలో పెట్టాడు.
వట్టి నీళ్ళు ఎండాకాలం ఇలా తిరగబడతాయి,
చలికాలం మురగాబ్‌లో మైనస్ నలభైకి గడ్డకట్టి
ఇంత ఇనప దిమ్మనీ
గుమ్మడికాయలా పగలగొడతాయి.

చివరికి,
ఊలు గుడ్డ నాలుగు మడతలు పెట్టి
మొహం పక్కకి తిప్పుకుని
పావు చుట్టు.
బుస్సుమంది. గొర్రెపిల్ల చెవులు నిక్కాయి.
అది పూర్తిగా ఊపిరి వదిలేదాకా ఆగి
ఇంకో పావు చుట్టు.

పాత ట్యూబు ముక్కతో గొట్టానికి కట్టు కట్టింది,
తీగ బిగించింది,
ఇంజను తిరుగుతుండగా ఆకుపచ్చ డబ్బా వంచి
సగం నీళ్ళూ సగం మందూ కలిపినది
పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు పోసింది.
చల్లటిది గబుక్కున పోస్తే
మరిగిన ఇనుము తట్టుకోలేదట.

నాలుగు చుక్కలు రాళ్ళ మీద పడ్డాయి.
ఎండకి మెరుస్తున్నాయి, పచ్చగా, అందంగా.
గొర్రెపిల్ల ముట్టె చాచింది.
"ఎత్తు దాన్ని!" ఎజె అంత గట్టిగా అరవడం అదే మొదలు.
తియ్యగా ఉంటుందట ఆ విషం.
కుక్కయినా, దూడయినా, నీలాంటి వాడైనా
తీపి కదా అని నాకుతారట.

మా టీ థర్మాస్ తీసింది.
ఆఖరి చుక్కదాకా ఆ రాళ్ళ మీద ఒంపి కడిగింది,
మట్టి కప్పింది, మట్టి మీద బండరాయి దొర్లించింది.
ఎవరూ మాట్లాడలేదు.

ఏడు మలుపులూ ఎక్కాం. సూది తొంభై దగ్గర బుద్ధిగా నిలబడింది.
గుల్‌బెగిమ్ మూట విప్పి
తలా నాలుగు జల్దరు పళ్ళు పంచింది.
కరాకుల్ దాకా
తడిలేని నోళ్ళలో అలాగే
బుగ్గన పెట్టుకు కూర్చున్నాం.